పేగుల మాస్టారి కొలతలు

టైలరు మాస్టారికి ఒకటే జబ్బు: ఎదుటివాడి పేగుల గురించి వాకబు చేయకుండా ఉండలేడు. నడుముకి టేపు చుట్టాడంటే చాలు, "పొద్దున సాఫీగా అయిందా?" అనేవాడు. అదీ గుసగుసగా కాదు, వీధి చివరి మందుల దుకాణం దాకా వినబడేలా. అందరూ ఆయన్ని పేగుల మాస్టారనేవారు.

మాస్టారి దగ్గరే ఆడవాళ్ళ బట్టలు కుట్టే మేనకోడలికి రోజూ తల కొట్టేసినట్టుండేది. ఒకసారి హెడ్మాస్టరు కొత్త కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చాడు.

"తేలుతుందా, మునుగుతుందా?" అన్నాడు మాస్టారు, భుజం సర్దుతూ.

"ఏమిటండీ?"

"అదేనండీ, దొడ్డికెళ్ళినప్పుడు. తేలితే కొవ్వు ఒంటికి పట్టడం లేదేమో!"

హెడ్మాస్టరు ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట ఉండగానే వీధిలోకి నడిచాడు. కోటు మర్నాడు బంట్రోతు చేతిలో తిరిగొచ్చింది.

మేనకోడల్నీ వదల్లేదు. నెలనెలా ఆమె నడుము కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. "ఇద్దరి తిండి తింటావు, గాలికెగిరిపోయేలా ఉన్నావు. ఎక్కడ దాస్తున్నావే?"

"నా కడుపు, నా ఇష్టం!" అని ఆమె కయ్యిమనేది.

చుట్టాలకి ఆ పిల్ల చిక్కిపోవడం మంచి కాలక్షేపం. పిన్ని దిష్టి అంది. పెద్దమ్మ, సన్నబడాలని కడుపు మాడ్చుకుంటోందంది. మందుల దుకాణదారు రంగురంగుల టానిక్కులిచ్చాడు. వాటితో ఒళ్ళు చేసింది ఆయన దుకాణం ఒక్కటే.

ఒక మధ్యాహ్నం మేనకోడలు మిషను మీదే కళ్ళు తిరిగి పడిపోయింది. మాస్టారు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

"ఎప్పట్నుంచి తగ్గుతున్నారమ్మా?" అంది డాక్టరమ్మ.

ఆమెకి తెలియలేదు. మాస్టారు చంకలోంచి కొలతల పుస్తకం తీశాడు. "పది నెలల్లో నడుము నాలుగంగుళాలు తగ్గిందండీ. తిండికి లోటు లేదు, రోజూ పక్కనే కూర్చుని చూస్తున్నా. విరేచనాలూ ఉన్నట్టున్నాయి. అడిగితే కరవడానికొస్తుంది."

మేనకోడలు తలెత్తలేదు. ఈసారి సిగ్గుతో కాదు.

రక్తం పరీక్షించారు. గొట్టం కెమెరాతో పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. "గోధుమలో ఉండే ఒక పదార్థం ఈమెకి పడదు," అంది డాక్టరమ్మ. "పేగు లోపల మఖమలు బట్టకి ఉన్నట్టు నూగుంటుంది. తిండిలో సారాన్ని పీల్చేది అదే. అది అణగారిపోయింది."

"మళ్ళీ లేస్తుందా?" మాస్టారి గొంతు మొదటిసారి సన్నగా పలికింది.

"లేస్తుంది. కొన్నాళ్ళు ఐరన్ మాత్రలు వాడాలి. గోధుమ, బార్లీ మాత్రం జన్మలో ముట్టకూడదు."

ఇంక చుట్టాలకి కాళరాత్రులే. మాస్టారు భూతద్దంతో బిస్కెట్ల పొట్లాలు చదివేవాడు, వాళ్ళ వంటింటి డబ్బాల మూతలెత్తేవాడు.

"ఒక్క బిస్కెట్టు ముక్కకి ఏమైపోతుందన్నయ్యా?" అంది పిన్ని.

"నీ పట్టుచీర మీద ఒక్క నిప్పురవ్వ వెయ్యనా?"

నాలుగు నెలలకి మేనకోడలి బుగ్గలు తేరుకున్నాయి. ఒకరోజు కిటికీలోంచి చూస్తే, మాస్టారు మండుటెండలో కరెంటు స్తంభం పక్కన నించుని బన్ను తింటున్నాడు.

"అక్కడెందుకు మామయ్యా? లోపలికొచ్చి తిను!"

"పొడి రాలి నీ అన్నం డబ్బాలో పడితే? నాలుగు నెలల్నుంచీ ఇక్కడే తింటున్నా, నువ్వే చూళ్ళేదు."

కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, నోరు పుక్కిలించి గుమ్మం దగ్గరికొచ్చాడు. మేనకోడలి కళ్ళు చెమర్చబోయాయి గానీ, అంతలో వేరే సంగతి కనబడింది.

"మీసాల్లో పొడుంది. మళ్ళీ కడుక్కో!"

అందరి పేగుల్నీ నిలదీసిన మనిషి, కిక్కురుమనకుండా కుళాయి వైపు తిరిగాడు.