తెర అంచున నీలం చొక్కా

2002 ఎండాకాలంలో పటాన్‌చెరులోని ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో సీనియర్ ఎడిటర్‌గా చేరాను. సీనియర్ అన్నది మాటవరసకే, ఉన్నది నేనొక్కడినే. బల్ల మీద కంప్యూటర్, పక్కన మామూలు టీవీ. కంప్యూటర్‌లో కత్తిరిస్తున్న బొమ్మ టీవీలోనూ ఆడేది. దాన్ని ప్రివ్యూ అంటాం. అప్పటి టీవీలు బొమ్మ అంచులను కొంత మింగేసేవి, ఇళ్లలో ఎంత కనబడుతుందో చూసుకోవడానికే ఈ ఏర్పాటు.

మధ్యాహ్నాలు పరదాలు దించుకుని పంఖా కింద కూర్చుంటే అది నిద్రా కాదు, మెలకువా కాదు. ఎవరో తెలియని వధూవరులు రెండు తెరల మీదా చప్పుడు లేకుండా నవ్వుకునేవారు. తలంబ్రాలను నెమ్మదిగా ఆడిస్తే బియ్యం గాలిలోనే ఆగిపోయినట్టుండేది. నాకు ఆ గది అంటే చెప్పలేనంత ఇష్టం.

పెళ్లయి నెలలు గడిస్తే గాని ఎవరూ ఎడిటింగ్‌కు తొందరపెట్టరు. గుమ్మడిదల ఊరి యాదమ్మ కూడా కూతురి పెళ్లయిన చాన్నాళ్లకు వచ్చింది. ఈలోగా ఆమె కొడుకు మల్లేశం హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. పెళ్లినాడు అతను షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడట. కంపెనీ బట్టలతో ముందుకు రావడానికి సిగ్గుపడి పందిరి గుంజ దగ్గరే నిలబడ్డాడు. అన్ని క్యాసెట్లలోనూ అతను కనిపించేది తలంబ్రాల దగ్గర ఒక్కచోటే, ఎడమ అంచున, నీలం చొక్కాలో నవ్వుతూ.

యాదమ్మ కంప్యూటర్‌లో కొడుకును చూసింది. తర్వాత టీవీ వైపు తిరిగింది.

"గీడ ఉన్నడు, గాడ లేడు. ఏడబోయిండు సారూ?"

టీవీ మింగేసిన అంచులోనే అతను ఉన్నాడు. బొమ్మను చిన్నది చేస్తే అతను టీవీలోకి వచ్చాడు గాని చుట్టూ నల్లంచు కట్టింది. పోయినోళ్ల ఫోటో లెక్క వద్దంది ఆమె. ఇక మిగిలిన దారి, బొమ్మ మొత్తాన్ని కుడివైపు జరపడం. ఎడమన ఏర్పడే ఖాళీని టీవీ ఎలాగూ మింగేస్తుంది. కాని కుడి అంచున ఉన్న పెళ్లికొడుకు తండ్రి తెర బయటికి పోతాడు. వియ్యంకుణ్ని తీసేశారంటే అత్తింట్లో కూతురు మాట పడాలి. ఆ సంగతి దాచకుండా చెప్పాను.

యాదమ్మ టీవీ ఎడమ అంచు మీద వేలు పెట్టింది.

"ఆయన రేపు గూడ కనవడ్తడు సారూ. జరుపుండ్రి."

జరిపాను. క్యాసెట్ అందిన కొద్దిరోజులకు వియ్యంకుడు కోపంగా వచ్చి, తలంబ్రాల కాడ తానెందుకు లేనని నిలదీశాడు. నేను ముందు జరపని బొమ్మను, తర్వాత జరిపినదాన్ని టీవీలో వేశాను. గుంజ దగ్గరి పిల్లవాణ్ని చూసి ఆయన కూర్చుండిపోయాడు. మరోసారి వేయమన్నాడు.

"గట్లనే ఉండనియ్యి" అని లేచి వెళ్లాడు.

బొమ్మలో ఎవరు ముఖ్యమో ఎడిటర్ తేల్చలేడని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏ పెళ్లి కత్తిరించినా ముందు ఇంటివాళ్లను టీవీ ముందు కూర్చోబెట్టి, ఎవరు కనబడటం లేదో చెప్పమనేవాణ్ని.