ఉస్తాద్ అరచేయి

"చెవిటి ఉస్తాద్ పోయినాడు సార్," అని ఆయన దుకాణం పక్కనున్న బ్యాటరీల కొట్టతను ఫోనులో చెప్పాడు. పొద్దున్నే దుకాణం తెరిచి, మెట్టు మీద కూర్చుని టీ తెమ్మన్నాడట. టీ వచ్చేసరికి మనిషి లేడట. రాయచోటిలో ఆయన్ని ఇప్పుడు అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు నా పుణ్యమే. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం మర్యాద. ఆయన గురించి మంచి మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. కానీ నా గురించిన చెడ్డమాట ఒకటి రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

పాత కార్లకు పాటల పెట్టెలు బిగించడంలో ఆయనది నలభై ఏళ్ళ చెయ్యి. నాది మా నాయన వాడి వదిలేసిన కారు. అందులో క్యాసెట్ ప్లేయరు ఎప్పుడో మూగబోయింది. ఉద్యోగానికి రోజూ గువ్వలచెరువు ఘాట్ దాటి కడపకు పోయి రావాలి. పాట లేకుండా ఆ దారి నావల్ల కాలేదు. కొత్త స్టీరియో, తలుపులకు స్పీకర్లు, సీటు కింద ఆంప్లిఫయరు పెట్టించుకుందామని ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన కారును తాకనే లేదు. "సామాన్లన్నీ దించి తీసుకురాపో. డాక్టరు కాడ చొక్కా ఇప్పుతావు గదా, బండికీ అంతే," అన్నాడు. ఆ దుకాణంలో అదే కట్టుబాటు. ఎంత పెద్దమనిషైనా గొడుగు, దేవుడి బొమ్మ, పిల్లల చెప్పులు అన్నీ దించి ఖాళీ కారు అప్పగించాల్సిందే. నాకు అది చాదస్తంగా తోచింది. గొణుక్కుంటూ దించాను. సిగరెట్ లైటర్ కన్నంలో ఉన్న ఫోను చార్జర్ మాత్రం వదిలేశాను. వేలెడంత వస్తువు, అదీ ఒక సామానేనా అనుకున్నాను.

పని మాత్రం చూడముచ్చటగా చేసేవాడు. కరెంటు తీగ ఎడమ పక్క నుంచి, పాట తీగ కుడి పక్క నుంచి లాగేవాడు. "అత్తాకోడండ్లను ఒక్క గదిలో పెడ్తామా? రెండూ కలిస్తే రచ్చే," అనేవాడు. ఎర్త్ తీగ బిగించే చోట రంగంతా గీకి, ఇనుము తళతళలాడేదాకా వదిలేవాడు కాదు. "ఎర్త్ అబద్ధమాడితే పెట్టంతా అబద్ధమే చెప్తాది," అనేవాడు. అంతా అయ్యాక పాట పెట్టి, తలుపు మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఊఁ, పలుకుతాంది." నేను దాన్ని ఉస్తాద్‌ల దర్జా అనుకున్నాను.

మర్నాడు ఘాట్ ఎక్కుతుంటే పాట వెనకాల దోమ రొదలాంటి సన్నటి కూత. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ పెరుగుతోంది. వెనక్కి తీసుకెళ్ళాను. ఆయన ఇంజను రొద పెంచి, తలుపు మీద చెయ్యి ఆనించి, "ఏం లేదే," అన్నాడు. అయినా మొత్తం విప్పి ఎర్త్ మళ్ళీ గీకాడు. కూత పోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి దుకాణం నిండా మనుషులున్నారు. ఆయనకు తిక్క రేగింది.

"శబ్దం కార్లో లేదప్పా, నీ తలకాయలో ఉండాది. ముందు నీ చెవులకు సర్వీసింగు చేయించుకో!"

అందరూ ఫక్కున నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పటికే నేను ఒకటి కనిపెట్టి ఉన్నాను. జేబులో ఫోను మోగినా ఆయన తీసేవాడు కాదు. అది వణికితేనే చెయ్యి పెట్టేవాడు. నలభై ఏళ్ళు స్పీకర్లకు తల ఆనించి పనిచేసిన మనిషికి సన్నటి శబ్దాలు పోయాయి. ఆ అరచేయి దర్జా కాదు, ఆసరా. అది తెలిసి కూడా చేశాను. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

నాలుగోసారి వెళ్ళేముందు ముందు అద్దం మూలల్లో ఆయన బిగించిన రెండు చిన్న స్పీకర్ల తీగలు పీకేశాను. సన్నటి శబ్దాలు పలికేవి అవే. దుకాణం ముందు నలుగురు పోగయ్యేదాకా ఆగి పాట పెట్టాను.

"ఉస్తాద్, ఈ చిన్న స్పీకర్లు ఎట్ల పలుకుతాండాయో చూసి చెప్పు."

ఆయన తలుపు మీద అరచేయి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "శానా బాగా పలుకుతాండాయి."

ఊడిన తీగ పైకెత్తి చూపించాను. "తీగ నా చేతిలో ఉండాది గదా ఉస్తాద్. ఇప్పుడు సర్వీసింగు ఎవురి చెవులకు చేయించల్ల?"

ఈసారి నవ్వు రోడ్డవతలికి వినపడింది. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. నా చేతిలోంచి తీగ తీసుకుని, దాని చోట దాన్ని బిగించి, ఊడుతుందేమోనని ఒకసారి లాగి చూశాడు. "నిజమేలేప్పా," అని లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా ఆ పేరు ఊరంతా పాకింది. స్టీరియోలు కావాల్సినవాళ్ళు బైపాసులో కొత్త దుకాణానికి మళ్ళారు. ఆయన బోర్డు మీద పాటల పెట్టె బొమ్మ చెరిపించి, లారీ హారన్లు బిగించడం మొదలుపెట్టాడు.

రెండు నెలలకు నా చార్జర్ చెడిపోయింది. ఆ రోజు ఘాట్ ఎక్కుతుంటే కూత లేదు. కొత్త చార్జర్ కొని పెట్టాను, కూత వచ్చింది. పీకాను, పోయింది. నేను పాటలు పెట్టేది ఫోనులోంచే; అది ఒకపక్క చార్జర్‌కూ, ఇంకోపక్క స్టీరియోకూ తగిలించి ఉండటంతో ఇంజను రొద ఆ దారిన పాటలోకి దూరుతోంది. ఉస్తాద్ పనిలో వెంట్రుకవాసి లోపం లేదు. సామాన్లన్నీ దించమన్నాడు. నేను ఆ ఒక్కటి మాత్రం దించలేదు.

అప్పుడే కారు తిప్పుకుని వెళ్ళి చెప్పాల్సింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు నాలుగేళ్ళు సాగింది. ఆయన దుకాణం తగలకుండా సందులు తిరిగి ఇల్లు చేరేవాణ్ణి. కారులో పాట మాత్రం అమృతంలా ఉండేది. ఆయన చేసిన పనిని రోజూ అనుభవిస్తూనే ఆయన ముఖం తప్పించాను.

ఆయన పోయిన మూడో రోజు పలకరించడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పెద్ద కూతురు వాకిట్లో ఉన్న నా కారు నంబరు చూసి, లోపలికి వెళ్ళి ఒక పొట్లం తెచ్చింది. పొట్లం మీద నా కారు నంబరు. లోపల వేలి మందాన కొత్త ఎర్త్ తీగ.

"ఇది మీకని తెచ్చి పెట్టినాడన్నా. మీరొస్తే మార్చల్లని శానాసార్లు అనేవాడు. 'అన్ని బండ్లూ నా మాట విన్యాయి, ఆ ఒక్క కారే వినలేదు, నేనే యాడనో తప్పు చేసింటా' అని బాధపడేవాడు." పొట్లం నా చేతిలో పెట్టి అడిగింది. "ఆ శబ్దం పోయిందా అన్నా?"

"పోయిందిలేమ్మా. కడపలో చేయించినా."

"ఏం లోపమంట?"

చెప్పడానికి ఇంతకంటే మంచి అదను రాదు. నోరు తెరిచాను కూడా.

"ఎర్తేనమ్మా," అన్నాను.

"అయితే మా నాయన అనుకున్నదే," అంది. ఓటమి ఒప్పుకున్నట్టు తల ఊపి, నాకు టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ టీ తాగి వచ్చాను. పొట్లం పక్క సీటు మీద ఉంది. కారు తలుపు లోపలి బట్ట మీద గ్రీజు మరక ఒకటుంది, ఐదు వేళ్ళూ అరచేయీ తెలిసేలా. ఎన్నిసార్లు కడిగించినా పోలేదు. దారిలో కారు ఆపి, పాట పెట్టి, ఆ మరక మీద నా చేయి ఆనించి కళ్ళు మూసుకున్నాను. తలుపు నా చేతి కింద మెల్లగా అదురుతోంది.