నాలుగంటే నాలుగే

రాస్తున్నవా బిడ్డా? మణుగూరు అవతల అడివి అంచున మేమున్నప్పుడు, నెలకోపాలి జరం లెక్కల సారు వచ్చేటోడు. ఆయన పేరు రాయకు, పేరు రాసేటంత పని ఏం చేయలే. మా వరుసల పది ఇండ్లు. ప్రతి గడప ముందట నిలబడి ఒక్కటే అడుగుడు: "ఉందా, తగ్గిందా, లేదా?" కాయితం మీద టిక్కు పెట్టుడు, పెన్ను చెవిమీద పెట్టుడు.

వరుసగ మూడు నెలలు, నెలకు నాలుగిండ్లల్ల జరం తేలింది. "చూసిన్రా, మార్పే లేదు" అని, మొదటి నెల రాసుకున్న నాలుగిండ్లకే గోలీలు ఇచ్చిండు.

"సారూ, అవే నాలుగిండ్లా? వాగు దిక్కు తగ్గింది, మా దిక్కు ఎక్కింది. నా బిడ్డ వణుకుతాంది చూడు" అన్న. ఆ బిడ్డ మీ అమ్మే. ఇంటికో వరుస, జరమున్న నెలకో చుక్క చొప్పున గోడమీద ఎర్రమట్టి జాజుతోని పెట్టిన చుక్కలు చూపిస్తే, అటు తిరగనన్నా తిరగలే.

"నాలుగంటే నాలుగేనమ్మా. ఎవరిల్లయితే లెక్కకేంది?"

ఎంత చదువో! మేకల కాసేటోడు గూడ ఏ మేక పోయి ఏ మేక వచ్చిందో చూస్తడు.

గంతల్నే సారుకే పండ్లు టకటక కొట్టుకున్నయ్. అరుగుమీద కూలబడి "దుప్పటి ఉందా అమ్మా?" అన్నడు. దుప్పటి కప్పి, చెవిమీది పెన్ను తీసుకున్న.

"ఉందా, తగ్గిందా, లేదా సారూ?"

"ఉందమ్మా."

"అయ్యో, మొదటి నెల లిస్టుల నీ పేరు లేకపాయె. గోలీలు రావు గద!"

గోలీల సంచి నాదిక్కు నూకిండు. మొదటి గోలీ మీ అమ్మ నోట్లనే ఏసిన.