జనుము దున్నిన నాలుగోనాడు

సీతాకోకచిలుకలంటే నాకు బొత్తిగా పడదు. చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టినవాడెవడికీ పడదు. అవి ముచ్చటగా ఎగురుకుంటూ వచ్చి లేత చిగురు మీద గుడ్లు పెట్టి పోతాయి. ఆ గుడ్లలోంచి వచ్చిన పురుగులు చిగురంతా నమిలి మనకు పుల్లలు మిగులుస్తాయి. ఇరవై ఎనిమిదేండ్లుగా వీపుకు పంపు తగిలించుకుని వాటి పిల్లల మీద మందు కొట్టడమే నా పని. అలాంటి నన్ను సీతాకోకచిలుకలను చూడ్డానికని, అదీ టికెట్టు కొని మరీ, ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కించింది మా ఆవిడ. కోళ్ల అంగడివాణ్ణి పట్టుకుపోయి కోడిపిల్లల పుట్టినరోజు విందులో కూర్చోబెట్టినట్టయింది నా పని.

మా ఆవిడ నాకు అక్క కూతురే. పెండ్లికి ముందు ‘మామా’ అని పిలిచేది, పెండ్లయినాకా అదే పిలుపు. పిలవడంలో ఆమె ఏ మార్పూ చేయలేదు, పలకడంలోనే నాకు బద్ధకం పెరిగింది.

మేముండేది పులివెందులలో. తోట లింగాల దారిలో ఉంది. ఏటా వానలు పడ్డాక చీనీ చెట్ల సాళ్ల మధ్య జనుము చల్లుతాం. అది నడుమెత్తు పెరిగి, పచ్చటి పూత సగం విచ్చేసరికి ట్రాక్టరుతో తొక్కించి దున్నేస్తాం. అదే చెట్లకు ఎరువు. ‘జనుము దున్నినాక పది దినాలు తోటలో కాలు పెట్టొద్దు, కుళ్లనీ’ అనేవాడు మా నాయన. ఆయన చెప్పిన మాటల్లో నేను తు.చ. తప్పకుండా పాటించినది అదొక్కటే. పని చేయొద్దని చెప్పిన మాట కదా, పాటించడం సులువు. ఆ పది రోజులూ పులివెందుల మార్కెట్ యార్డు ముందర టీ అంగట్లో కూర్చుని, దేశాన్ని ఎవరెలా పాడు చేస్తున్నారో నలుగురికీ వివరించేవాణ్ని.

సరిగ్గా ఆ పది రోజుల్లోనే, ఏటా, మా ఆవిడకొక సరదా పుట్టేది.

“మామా, సాయంత్రం ఒకసారి తోటకాడికి రా. నీకొకటి చూపియ్యాల.”

“ఏముందిమ్మే ఆడ చూడ్డానికి? కుళ్లే జనుమా?”

“వచ్చి చూడరాదా.”

“వస్తాలే పో.”

ఇది మా ఇంట్లో ఉగాది పచ్చడి లాంటిది, ఏడాదికొకసారి ఉండాల్సిందే. నేను ఒక్కసారి కూడా పోలేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఏడు బోరు ఒట్టిపోయింది. చెట్లకు ఎండుతెగులు పట్టింది. సోలార్ వాళ్లు వచ్చి భూమి కౌలుకు అడిగారు. చెట్లు పీకేసి పలకలు పరుచుకుంటారట, మనం నీడన కూర్చుంటే చాలట. నేను సంతకం పెట్టేసి ఇంటికొచ్చి, పెట్టినాక ఆమెకు చెప్పాను. వ్యవహారాలు తెలిసిన మగవాళ్లు చేసే పద్ధతి అదే కదా! ఆమె బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టి, ఒకటే మాట అడిగింది.

“జనుము చల్లినాం గదా?”

“చల్లితే?”

“దున్నియ్యి మామా. ఈ ఒక్క ఏడు.”

“సోలార్ పలకలకు ఎరువేస్తావా ఏంది? అవి కాయలు కాస్తాయా?” అని పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. ఎప్పుడూ ఏదీ పట్టుబట్టని మనిషి, దానికి మాత్రం మంకుపట్టు పట్టింది. రోజూ అన్నం పెడుతూ అదే మాట. పోరు పడలేక గురువారం నాడు ట్రాక్టరు పెట్టి దున్నించాను. శుక్రవారం నాడు ఆమె తాపీగా, “ఆదివారం మనం టూరు పోతాండాం. టికెట్లు చెల్లెలి చేత తెప్పిచ్చినా” అంది.

వాళ్ల చెల్లెలు ఉండేది ప్రొద్దుటూరులో. బస్సు కూడా అక్కడి నుంచే. శనివారమే వెళ్లి ఆ ఇంట్లో పడుకుని, తెల్లవారి బస్సెక్కాం. బస్సులో ఒక పన్నెండు మందిమి ఉంటాం. గైడు కోస్తా వైపు మనిషి. మెడలో కెమెరా, ఒంటి నిండా జేబులున్న చొక్కా. అన్ని జేబుల్లో ఏం పెట్టుకున్నాడో సాయంత్రం దాకా ఒక్కటీ తెరవలేదు. నల్లటి రెక్కల మీద నీలిచుక్కలున్న సీతాకోకచిలుకలు వానలు వెనకబడే కాలంలో మన తూర్పు కొండల నుంచి పడమటి కొండలకు వేలకొద్దీ వలస పోతూ ఈ దారిన ఆగుతాయని మాకు వివరించాడు. గట్టిగా మాట్లాడవద్దండీ, మెరిసే బట్టలు వద్దండీ, సెంటు పూసుకోవద్దండీ అని ముందే ఫోనులో కూడా చెప్పాడట.

చెప్పింది ఎవరికి? బంగారానికీ బట్టలకూ పేరుమోసిన ప్రొద్దుటూరు వాళ్లకు! బట్టల అంగడాయన భార్య ఎర్ర పట్టుచీర కట్టి, మెడ నిండా నగలతో దిగింది, ఫోటోలు బాగా వస్తాయని. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒక సాయిబు ఆరడుగుల దూరానికి కూడా అత్తరు గుప్పుమనిపిస్తూ నా పక్క సీట్లో కూర్చున్నాడు. “సెంటు వద్దన్నాడు గదప్పా?” అన్నాను. “సెంటు వద్దన్నాడన్నా, అత్తరు వద్దనలే” అన్నాడు. ఆ మాటతో ఆయన నాకు నచ్చేశాడు.

జమ్మలమడుగు దాటి గండికోట వైపు కొండ మీద దింపారు. ఎర్రటి బండలు, కింద లోతున పెన్నేరు. గైడు మమ్మల్ని బండల మీద వరసగా కూర్చోబెట్టి, ఇక వస్తాయండీ అన్నాడు. కూర్చున్నాం. ఎండెక్కింది. సాయిబు దుర్భిణీ పెట్టుకుని ఆకాశమంతా వెతికి, ఒక గద్దను, రెండు గాలిపటాలను పట్టుకున్నాడు. మూడు గంటలు గడిచాక ఒక పసుపుపచ్చది వచ్చింది. ఒకటే. బస్సు మొత్తం లేచి దాని వెంట పడింది. పట్టుచీరావిడ పక్కన అది ఒక్క క్షణం ఆగితే ఇరవై ఫోటోలు తీశారు.

“అది మనది కాదండీ. లోకల్‌ది” అన్నాడు గైడు, దాని ముఖమైనా చూడకుండా.

“మరి మనది యాడుంది నాయనా? బస్సు తప్పిపోయిందా?” అన్నాను.

“ప్రకృతికి టైం టేబుల్ ఉండదండీ.”

“మా ఆర్టీసీకి కూడా లేదులే. దానికి మేము టూరు టికెట్టు కొనలేదు.”

మా ఆవిడ నా మోచేతిని గిల్లింది. ఆమె ఒక్కతే ఆకాశం వైపు చూడలేదు. వచ్చినప్పటి నుంచి నీడ కొలుచుకుంటూ, పొద్దు ఎంతకొచ్చిందో చూస్తోంది. ఆకలేస్తోందేమో అనుకున్నాను.

చిత్రాన్నం పొట్లాలు తిన్నాక గైడు మెల్లగా గొంతు సవరించుకున్నాడు. ఇంకొక చోటు ఉందండీ, కాస్త దూరం, ఒక రైతమ్మ చెప్పింది, ఏటా తప్పకుండా వస్తాయట అన్నాడు. పోయిన వారం బండి మీద తిరుగుతూ ఒక తోట దగ్గర మంచినీళ్లు అడిగితే ఆమె చెప్పిందట.

నేను ఊరుకుంటానా? “పురుగులు ఎప్పుడొస్తాయా అని కాపలా కాసే రైతమ్మ మా జిల్లాలో యాడుందప్పా? ఆమెకు పనీ పాటా లేదా? ఆమె మొగుడు ఏం చేస్తాంటాడో పాపం!” అన్నాను.

బస్సంతా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది, కిటికీ వైపు తిరిగి. బాగా పేలిందని నాకు నేనే మెచ్చుకున్నాను.

ముద్దనూరు దగ్గర రైలు గేటు పడింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూపించి, అవి కూడా చూడదగ్గవేనని గైడుకు సలహా ఇచ్చాను. అవైతే ఎక్కడికీ వలస పోవు కదా! బస్సు పులివెందుల దారి పట్టేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. దారిలోనే ఇంటి దగ్గర దిగిపోవచ్చు. తీరా ఊళ్లోకి వచ్చాక, “డ్రైవరన్నా, ఈడ ఆపు, మా ఇల్లు వచ్చింది” అని లేచాను.

“కూర్చో మామా” అంది మా ఆవిడ.

ఆ గొంతు విని కూర్చున్నాను. బస్సు లింగాల దారికి తిరిగింది. అరటి తోటలు దాటింది. ఎడమకు మళ్లింది. ఆ మట్టిరోడ్డు నాకు తెలుసు. గుంతలతో సహా తెలుసు. బస్సు ఒక గేటు ముందు ఆగింది. తలుపు ఊడి వస్తుంటే కట్టుతీగ చుట్టిన గేటు, ఆ తీగ చుట్టింది నేనే. మా ఆవిడ అందరికన్నా ముందు దిగి, కొంగున కట్టుకున్న తాళంచెవి తీసి గేటు తెరిచింది.

ఆ రైతమ్మ ఎవరో పొద్దున్నుంచీ తెలిసినా, ఆమె చెప్పొద్దందని బయటపడని గైడు నా వైపు చూశాడు. సాయిబు కూడా చూశాడు. “అన్నా, ఆ పనీ పాటా లేని రైతమ్మ…” అని మొదలుపెట్టి, నా మొహం చూసి మంచితనంగా ఆపేశాడు. ఆరోజు నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా వచ్చి నాకే తగిలాయి.

లోపలికి నడిచాం. మొదటి నాలుగు సాళ్లలో ఏమీ లేదు. ఐదో సాలు దగ్గర, ట్రాక్టరు తొక్కిన జనుము సగం మట్టిలోకి పోయి సగం పైకి తేలి వాడిపోయి ఉంది. ఆ విరిగిన కాడలు నల్లగా కనిపించాయి. అవి నల్లగా ఎందుకున్నాయా అని వంగాను. నల్లదనమంతా ఒక్కసారి లేచింది.

సీతాకోకచిలుకలు! వేలల్లో ఉన్నాయి. నల్లటి రెక్కల మీద లేత నీలపు చుక్కలు, గీతలు. లేచినవి లేచినట్టే చెట్ల మధ్య తిరిగి, మళ్లీ అదే కాడల మీద వాలాయి. ఒక్కో కాడకు పది, పన్నెండు. కాళ్లతో కాడను గీకి ఆ రసం పీలుస్తున్నాయి. నా చొక్కా మీద రెండు వాలాయి, మా ఆవిడ జడ మీద ఒకటి. పట్టుచీరావిడ ఫోటో మాటే మరిచిపోయింది. బట్టల అంగడాయన, “ఈ నీలం మా అంగట్లో లేదు” అని మాత్రం గొణిగాడు.

గైడు గుసగుసగా చెప్పాడు. ఇవి చీనీ చిగురు తినేవి కావండీ, వేరే జాతి. నిలబడిన జనుము కన్నా విరిగి వాడిన జనుమంటే వీటికి ప్రాణం. మగవి ఆ రసం తాగి బలం పుంజుకుని మళ్లీ దారి పడతాయి. ఏటా ఇదే సమయానికి ఇక్కడెవరో దున్నుతున్నారు కాబట్టే ఏటా ఇక్కడ ఆగుతున్నాయండీ అన్నాడు.

ఆ ఎవరో నేనే. జన్మలో నేను చేసిన ఒకే ఒక మంచి పని, అదీ నాకు తెలియకుండా చేసింది.

మా ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. పోయి పక్కన కూర్చున్నాను.

“ఎప్పటి నుంచి వస్తాండాయి ఇవి?”

“నేను కాపరానికొచ్చిన ఏడు నుంచి. దున్నిన మూడోనాడో నాలుగోనాడో వస్తాయి. నాలుగు దినాలుండి పోతాయి.”

“చెప్పొచ్చు గదమ్మే!”

“చెప్పినా గదా మామా. ఏడాదికొకసారి చెప్తానే ఉండా.”

“తోటకాడికి రా అన్నావు. సీతాకోకచిలుకలని చెప్పలే గదా?”

“చెప్తే మందు పంపు తగిలిచ్చుకోని వచ్చింటివి.”

అదీ నిజమే. “అయితే మాత్రం, మన తోట చూడ్డానికి మనమే టికెట్టు కొనాల్నా? శానా తెలివి!” అన్నాను.

“ఉత్తగా పిలిస్తే నువ్వు యాడికొచ్చినావు మామా? ఇదే ఆఖరు గదా. ఒకసారన్నా చూస్తావని.”

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా, కూరలో ఉప్పు చాలిందా అని అడిగినట్టే అంది. నాకు సిగ్గేసింది.

బస్సు బయలుదేరే ముందు గైడు మా దగ్గరికొచ్చాడు. అతనికది మొదటి టూరట. ఇక్కడ కూడా కనిపించకపోయి ఉంటే ఈ పని మానేద్దామనుకున్నానండీ, వచ్చే ఏడు కూడా జనుము చల్లుతారు కదండీ అని అడిగాడు.

“మా మామనడుగప్పా” అని మా ఆవిడ కాడల వైపే చూస్తూ ఉండిపోయింది.

“వచ్చే ఏడు ఈడ సోలార్ పలకలుంటాయి నాయనా. సంతకం పెట్టేసినా” అన్నాను. అదే మాట టీ అంగట్లో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో! అప్పుడు ఇలా వినబడలేదు. గైడు ‘అండీ’ కూడా అనకుండా తలూపి వెళ్లిపోయాడు.

బస్సు పోయాక కూడా మేము పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాం. మరునాడు ఆమె పిలవకుండానే నేను ముందు బయలుదేరాను. ఆ మరునాడూ అంతే. నాలుగు సాయంత్రాలు అలా వెళ్లాం. ఐదోనాటికి ఒక్కటి కూడా లేదు, కాడలు నల్లబడి కుళ్లుతున్నాయి. ఆ పై నెల సోలార్ పలకలకు గుంజలు పాతే మిషన్లు వచ్చాయి.

అన్నేండ్లపాటు ఆ పది రోజులూ టీ అంగట్లో కూర్చుని ఏమేం మాట్లాడానో గుర్తు చేసుకుందామని చూశాను. ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.