ఫోటో లేని అక్క

పోయిన వారం మా అమ్మాయి ఫోన్‌లో స్కానింగ్ బొమ్మ పంపింది. తనకిప్పుడు ఆరో నెల. బూడిదరంగు మసకలో చిన్న ముఖం. "అమ్మా, ముక్కు ఎవరిది?" అని అడిగింది. నిజామాబాద్ బడుల్లో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పినదాన్ని, ముక్కు గురించి ఏదో ఒకటి చెప్పాల్సింది. కానీ తాను చూడని బిడ్డకు ముఖం గీసిన మా అమ్మ గుర్తొచ్చింది.

నేను బాపు అని పిలిచే మా నాన్నకు బోధన్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. చెరుకు బండ్లు వరసకట్టే కాలంలో ఫ్యాక్టరీ నుంచి ఉడికే పాకం వాసన మా డార్క్‌రూమ్‌లోకి కూడా వచ్చేది. ఫోటో దించడం బాపు పని, తెలుపు నలుపు ఫోటోలకు రంగులు పూయడం అమ్మ పని. నగలకు పసుపు, చీరకు ఎరుపు, ఎవరొచ్చినా బుగ్గలకు గులాబీ. మీసాల పటేలుకు కూడా పెళ్లికూతురి బుగ్గలు వచ్చాయని బాపు నవ్వేవాడు. ఫోటో వెనక ముద్ర మాత్రం బాపు పేరుతోనే పడేది. తెర వెనక ఒక మనిషి కూర్చుని ఉందని చాలామందికి తెలియదు.

నాకు పదేళ్లప్పుడు నవీపేట్ వైపు నుంచి ఒక పసుపు రైతు ఇల్లాలు వచ్చింది. మూడు నెలల బిడ్డ జ్వరంతో పోయిందట. ఫోటో లేదు. "గుర్తులు చెప్త, గీసిస్తరా?" అంది. "ఫోటో లేంది ఎట్లయితదమ్మా," అన్నాడు బాపు. ఆమె లేచి చెప్పులు వేసుకుంటుంటే తెర కదిలింది. "కూసో అక్కా. నాకు చెప్పు," అంది అమ్మ.

నుదురు ఎంత ఉండేది, ఏడిస్తే పెదవి ఎటు వంగేది, అన్నీ ఆమె చెప్పింది, అమ్మ వింది. ఒక్క ముక్క రాసుకోలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో అన్నం అడుగంటుతూనే ఉంది; బాపు ఆ మాడిన అన్నమే తిన్నాడు.

ఐదో రోజు ఆమె వచ్చి బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. వేలితో చెంప నిమిరింది. కాసేపటికి, "చెల్లె, నా బిడ్డకు గదుమ కింద గీ మచ్చ లేకుండె," అంది. అమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. "తుడుస్త, ఇటియ్యి," అంది గాని చెయ్యి చాపలేదు. ఆమె అమ్మ ముఖంలోకి చూసింది. "ఉండనియ్యి. ఎవలిదో గని, నా బిడ్డతోని కలిసుంటది," అని బొమ్మను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ గడ్డం కింది మచ్చ ఎవరిదని అడిగాను. అమ్మ కుంచెలు కడుగుతూ, నా వైపు తిరగకుండా చెప్పింది. "నీకంటె ముందుగాల ఒకతుండె. ఇరవై ఒకటో నాడు తొట్లెల ఏసి ఫోటో దింపుదమన్నడు మీ బాపు. పందొమ్మిదో నాడే పోయింది."

ఊరందరికీ ఫోటోలు దించిన ఇంట్లో ఆ పిల్ల ఫోటో లేదు. ఆ తర్వాత అమ్మ రంగులు పూసింది గాని మరో ముఖం గీయలేదు. నన్ను గీయమని ఎన్నిసార్లు బతిమాలానో. "నువ్వు కండ్లముందటనే ఉన్నవు గద," అనేది. కానీ ఆమె నన్ను చూసినప్పుడల్లా నా గడ్డం కింద ఏదో వెతుకుతున్నట్టే ఉండేది. నేను చేత్తో కప్పుకునేదాన్ని.

అమ్మ చనిపోయిన సంవత్సరం నవీపేట్ వెళ్లి ఆ పసుపు రైతు ఇల్లు పట్టుకున్నాను. ఆమె కూడా లేదు. కోడలు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. "అత్తమ్మ పోయిననాడు బొమ్మ గూడ ఎంట పెట్టి పంపినమక్కా. గట్లనే చెయ్యమన్నది. గా బొమ్మల నాకిద్దరు బిడ్డలున్నరు అంటుండె, మాకు సమజ్ కాకపోయేది," అంది.

తిరుగు బస్సులో కాగితం తీసి గీద్దామని చూశాను. చిన్నప్పుడు చూసిన ముఖం కదా, మచ్చ తప్ప ఏదీ రాలేదు. ఇప్పుడు నాకు అరవై దగ్గరపడుతున్నాయి. ఏటా నాకొక ఏడు పెరుగుతుంటే, నాకంటే ముందు పుట్టిన అక్క ఏటా నాకంటే ఇంకొంచెం చిన్నదైపోతోంది.