పద్నాలుగు ఎర్ర ట్యాగులు, ఒక రాణి

తొంభైల నడుమ ఒక మార్చి నెలలో నన్ను ఖతర్‌లోని దోహా ఆఫీసు నుంచి దుఖాన్‌కి క్వాలిటీ కంట్రోల్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఏ సంవత్సరమో పాత పాస్‌పోర్టు చూస్తే తెలుస్తుంది గాని, అది బ్యాంకు లాకర్లో ఉంది. మాది కాంట్రాక్టు కంపెనీ. అక్కడి చమురు కంపెనీ గ్యాసు శుద్ధి చేసే యూనిట్‌కి కొత్త పైపులైన్లు వేయించుకుంటోంది. పైపులు మేమే తెప్పించాలి, వెల్డింగ్ మేమే చెయ్యాలి, అందులో తప్పులు కూడా మేమే పట్టాలి. ఆ చివరి పని నాది.

పైపుల కట్టతో పాటు మిల్లు ఒక సర్టిఫికెట్ పంపుతుంది. ఆ ఉక్కులో ఏ లోహం ఎంత పాలు ఉందో అందులో రాసి ఉంటుంది. దాన్ని మా కొనుగోలు షరతులతో ఒక్కో గడీ సరిచూడాలి. సరిపోతే పచ్చ ట్యాగు. సరిపోకపోతే ఎర్ర ట్యాగు, దానికి జతగా ఒక తిరస్కరణ రిపోర్టు. ఎర్ర ట్యాగు కట్టిన పైపుని నా సంతకం లేకుండా ప్రాజెక్ట్ మేనేజర్ కూడా ముట్టుకోకూడదు. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. అంత అధికారం నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు, ఇంట్లో సంగతి సరేసరి.

స్టోర్‌కీపర్ పేరు ఓబులేసు. రాయచోటి వైపు మనిషి. మొదట దోహాలో ఒక ఇంటి డ్రైవర్‌గా వచ్చాడు. తర్వాత మా కంపెనీలో హెల్పర్‌గా చేరి, పైపుల మీది రాతలు చూసి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుని స్టోర్‌కీపర్ అయ్యాడు. ఇద్దరు ఆడపిల్లల్ని కడపలో హాస్టల్లో పెట్టి చదివిస్తున్నాడు. సరుకు దిగగానే రసీదు మీద మొదటి సంతకం అతనిదే.

ఆ నెలలో పద్నాలుగు కట్టల స్టెయిన్‌లెస్ పైపులు వచ్చాయి. మామూలు స్టెయిన్‌లెస్‌కి ఒక బలహీనత ఉంది. వెల్డింగ్ వేడికి అందులోని కార్బన్ వెళ్ళి క్రోమియంను పట్టుకుంటుంది. క్రోమియం తగ్గిన చోట తుప్పు మొదలవుతుంది. అందుకని నియోబియం అనే లోహాన్ని కొంచెం కలుపుతారు. అప్పుడు కార్బన్ దాన్ని పట్టుకుని క్రోమియం జోలికి పోదు. షరతుల్లో నియోబియం తప్పనిసరి, దాని గుర్తు ఎన్‌బి. నేను పద్నాలుగు సర్టిఫికెట్లూ వెతికాను. ఎన్‌బి ఎక్కడా లేదు. ఆ వరసలో సిబి అని ఇంకేదో ఉంది. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. లోహశాస్త్రం నాకు మూడు రోజుల ట్రైనింగ్‌లో చెప్పారు, అందులో ఒక పూట నేను డెంటిస్టు దగ్గర ఉన్నాను. పద్నాలుగు రిపోర్టులు రాసేశాను.

ఎర్ర ట్యాగులు కడుతుంటే ఓబులేసు దగ్గరికొచ్చాడు. "ఎన్‌బీ సిబీ ఒగటే సార్. నాలుగేండ్లుగా రెండిట్నీ ఒకే ర్యాక్‌లో పెడతాండా. మీకంటే ముందున్న సారు చెప్పినాడు" అన్నాడు. స్టోరు పని స్టోర్‌కీపర్, ఇన్‌స్పెక్షన్ పని ఇన్‌స్పెక్టర్ చూసుకుంటే కంపెనీ బాగుంటుందని చెప్పాను. అతను "సరే సార్" అని ట్యాగులకి తీగె తెచ్చి ఇచ్చాడు.

శనివారం ఉదయం వారం మీటింగు. చమురు కంపెనీ తరఫున వాళ్ళ ఇన్‌స్పెక్షన్ ఇంజినీర్ యానిస్ వచ్చాడు. గ్రీకు దేశస్థుడు, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డవాడు, అవసరమైతే తప్ప నోరు విప్పడు. నా తిరస్కరణల లెక్క ఒక నెలలో పద్నాలుగు అని నేను అందరి ముందూ ప్రకటించాను. అంతటితో ఆగితే బాగుండేది. యానిస్‌గారి ఆఫీసు నుంచి నెలకి రెండు కాగితాలు దాటవని కూడా అన్నాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మంగళవారానికి అడ్మిన్ మేనేజర్ నిర్ణయం చెప్పాడు. పద్నాలుగు తప్పుడు కట్టలు లోపలికి వచ్చాయంటే ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. మొదటి సంతకం ఓబులేసుది. వీసా రద్దు చేసి గురువారం విమానానికి పంపేస్తారు. వీసా రద్దయిన మనిషి మళ్ళీ ఖతర్ రావాలంటే రెండేళ్ళు ఆగాలి. కబురు నాకు మెస్‌లో అన్నం తింటుండగా తెలిసింది. రూలు రూలే కదా అనుకుని పెరుగు కలుపుకున్నాను. ఆ పెరుగన్నం తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బుధవారం ఉదయం యానిస్ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఎన్‌బి, సిబి ఒకే లోహానికి రెండు గుర్తులు. కొలంబియం అనే పాత పేరుని అమెరికా మిల్లులు ఇంకా వదల్లేదు. కనుక రిపోర్టులను పునఃపరిశీలించాలి. మధ్యాహ్నం రెండో కాగితం వచ్చింది. లోహాన్ని అక్కడికక్కడే పరీక్షించే మెషీన్‌ని ఆయన దోహా నుంచి తెప్పించి, పద్నాలుగు కట్టలూ తానే చూశాడు. అన్నిట్లోనూ నియోబియం ఉండాల్సినంత ఉంది. రెండు కాగితాలతో నా పద్నాలుగూ పోయాయి.

నేను ఆయన ఆఫీసుకి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆయన టీ తెప్పించి, ఆ లోహానికి ఆ పేరెలా వచ్చిందో చెప్పాడు. వాళ్ళ పురాణాల్లో నియోబీ అని ఒక రాణి ఉందట. ఆమె తండ్రి పేరు ముందే ఒక లోహానికి పెట్టారు. దాన్ని అంటిపెట్టుకుని, ఒక పట్టాన విడిపోకుండా దొరికే ఈ లోహానికి కూతురి పేరు పెట్టారు. రాణికి పద్నాలుగు మంది పిల్లలు. ఒక దేవతకి ఇద్దరే. నాకు పద్నాలుగు, ఆమెకి రెండు, మరి పూజలు ఆమెకెందుకని రాణి పదిమందిలో అంది. ఆ దేవత పిల్లలిద్దరూ బాణాలు పట్టుకొచ్చి పద్నాలుగు మందినీ చంపేశారు. రాణి ఏడ్చి ఏడ్చి బండరాయి అయిపోయింది. రాతిలోంచి ఇప్పటికీ నీళ్ళు కారతాయట. ఇంత చెప్పి యానిస్, టీలో చక్కెర సరిపోయిందా అని అడిగాడు.

అక్కణ్ణుంచి నేరుగా అడ్మిన్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. తప్పు నాదని కాగితం మీద రాసి ఇస్తే తప్ప టికెట్ రద్దు చేయనన్నాడు. రాసిచ్చాను. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆగింది, అది న్యాయమే.

గురువారం పొద్దున ఓబులేసు విమానంలో ఉండాల్సింది, స్టోర్‌లో ఉన్నాడు. ట్యాగు కట్టినవాడే విప్పాలని విధానం. నేను తీగె తెంపుతుంటే అతను రిజిస్టరు పట్టుకుని నా పక్కన నడిచాడు. ఒక్కో ట్యాగుకీ "సార్, సంతకం" అన్నాడు. తేలిగ్గా వదిలిపెట్టే రకం కాదు. నాకు ఊరికే ఉండబుద్ధి కాక రాణి కథ చెప్పాను. పదకొండో కట్ట దగ్గర కథ అయిపోయింది.

"ఆయమ్మ నోరు జారింది సార్, సరే. పిల్లోళ్ళేం జేసినారు?" అన్నాడు.

నేను తర్వాతి తీగె తెంపాను. అతను రిజిస్టరు ముందుకు జరిపి, "పన్నెండోది సార్, సంతకం" అన్నాడు.

తర్వాత ఇరవై రెండేళ్ళు ఇదే ఉద్యోగం చేశాను. పద్నాలుగు రిపోర్టుల ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. గొప్పలు చెప్పుకునేది ఒకరు, విమానం ఎక్కేది ఇంకొకరు. అందుకని నా తిరస్కరణ ఫారంలో ఒక గడి చేర్చాను: "స్టోర్‌కీపర్ ఏమన్నాడు?" అది నింపకుండా ఎర్ర ట్యాగు కట్టలేదు. అనవసరమైన గడి, తీసేయమని హెడ్డాఫీసు రెండుసార్లు రాసింది. నేను రిటైరయ్యే రోజున కూడా అది ఫారంలోనే ఉంది.