టైర్ల లెక్క అక్క దగ్గర నేర్చుకున్నాను

లాస్‌పేటలో ఒక ఇంటి మేడ మీద ఉండేది మా ఆఫీసు. కారు రేసుల వివరాలు సేకరించి ఒక విదేశీ కంపెనీకి పంపడం మా పని. ఏ కారు ఏ టైర్లతో ఎన్నో చుట్టు నుంచి ఎన్నో చుట్టు దాకా పరిగెత్తిందో వాళ్లకు కావాలి. ఒక సెట్టు టైర్లు వేసుకున్నప్పటి నుంచి మార్చేదాకా సాగిన పరుగును స్టింట్ అంటారు. మా వీధిలో కారున్న ఇల్లు ఒక్కటీ లేదు. అయినా ఎక్కడెక్కడి టైర్ల అరుగుదల లెక్క మా మేడ మీదే తేలేది.

ఆ లెక్క తీసేది మా పిన్ని కూతురు. నాకంటే పెద్దది, అక్కా అంటాను. పెళ్లయ్యాక ఆమె పొద్దంతా కురుచికుప్పం పక్కనున్న అత్తింటివాళ్ల కిరాణా కొట్టు వెనకగదిలో పొట్లాలు కట్టడంతోనే గడిచేది. ఈ పని చూపించింది నేనే. రేసు రికార్డింగులు ముందుకూ వెనక్కూ తిప్పి చూసి కంప్యూటర్లో ఎక్కించేది. పొద్దున ఇస్త్రీ చీరలో బస్సు దిగి మేడమెట్లు ఎక్కేటప్పుడు ఆమె నడకే వేరు. ఆ కుర్చీ పోతే మళ్లీ వెనకగదే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆఫీసులో ప్రోగ్రాములు రాసేది నేను గనక ఒకరోజు మేనేజరు నన్ను పిలిచాడు. ప్రతి చుట్టుకూ పట్టిన సమయాలు ఇకమీదట కంపెనీయే పంపుతుందట. కారు నంబరు కొడితే స్టింట్లు వాటంతటవే బయటికొచ్చే టూల్ రాయగలవా అన్నాడు. అది వస్తే రికార్డింగులు చూసే మనిషి అక్కర్లేదని కూడా అన్నాడు. రాస్తానన్నాను. ఆ రెండో మాట అక్కకు చెప్పలేదు.

కొన్ని వారాలు ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఏందిరా, నా పక్కన చేరినావు? మేనేజరు నిన్ను మళ్లా బడికి పంపినాడా?" అంది.

నీ పని తేలిక చెయ్యడానికే అన్నాను. నమ్మింది. తన పెరుగన్నం నాకూ పెట్టింది. ఏదీ దాచుకోకుండా చెప్పింది. కారు టైర్లు మార్చే పక్కదారిలోకి వచ్చిన ప్రతిసారీ టైరు మారినట్టు కాదు, శిక్ష పడి ఊరికే ఆ దారిలో పోయొచ్చే కార్లుంటాయి, వాటికి తక్కువ సమయం పోతుంది. వాన మొదలైతే అందరూ ఒకేసారి మారుస్తారు. ఆమె చెప్పిన ప్రతిదాన్నీ టూల్‌లో ఒక షరతుగా రాసుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ అడిగింది, ఇది అయిపోయాక తనకు పనుంటుంది గదా అని. ఉంటుందక్కా అన్నాను. తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు.

టూల్ పూర్తయింది. పాత రేసులు వేసి చూస్తే ఒకటి రెండు చోట్ల తప్ప అక్క లెక్కతో సరిపోయింది. మేనేజరు చెడ్డవాడు కాదు. ఆ తేడాలు చూసి, సరిచూడ్డానికి మీ అక్కను కొన్నాళ్లు ఉంచుకుందామా అని నన్నే అడిగాడు. అవునంటే చాలు. అవసరం లేదు సార్ అన్నాను.

ఎందుకన్నానో తర్వాత నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను. నిజం చిన్నది. ఆమె ఉంటే నా టూల్‌కి లోటున్నట్టు ఒప్పుకోవాలి. పైగా అబద్ధం చెప్పాక రోజూ ఆ మొహం చూడ్డం నావల్ల కాలేదు.

ఆమెకు సంగతి చెబుతూ, మీ తమ్ముణ్ణి కూడా అడిగానమ్మా అన్నాడట మేనేజరు. సంచి భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అవసరం లేదన్నావంట."

"టూల్ గురించన్నానక్కా."

"నన్ను గురించే అడిగినాడంట గదా."

నేను మళ్లీ తెర వైపు తిరిగాను.

"నేర్పితే నీ పని పోతుందక్కా అని ముందే చెప్పుంటే గూడా నేర్పుతాంటినిరా. ఏడ్చుకుంటా నేర్పుతాంటిని, అంతే."

బస్టాపు దాకా వెంట వెళ్లొచ్చు. వెళ్లలేదు. కంపెనీకి పంపాల్సిన జవాబులేవో ఉన్నాయి, కూర్చుని పంపాను.

చాలా రోజుల తర్వాత చుట్టాల పెళ్లిలో కలిశాం. పంక్తిలో ఆమె సాంబారు వడ్డిస్తూ నా ఆకు దగ్గరికి వచ్చింది. తప్పయిందక్కా అన్నాను. ఎన్నాళ్లుగానో కూడబెట్టుకున్న మాటల్లో అదొక్కటే బయటికొచ్చింది.

"అయిపోయింది గదా. తిను," అని పక్క ఆకు దగ్గరికి పోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. పంక్తి లేచిపోయింది. చేతికంటిన అన్నం ఎండిపోతుంటే నేనక్కడే కూర్చున్నాను.